ముందు నువ్వు చెప్పు, డాక్టర్ సాబ్

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతికేళ్లుగా పాత పుస్తకాలమ్ముతున్నాను కాబట్టి చాలామంది నన్ను చదువుకున్నవాడనే అనుకుంటారు. దానికి తోడు కళ్లజోడొకటి. అసలు సంగతేమిటంటే బడికీ నాకూ ఏడో తరగతిలోనే తెగిపోయింది. నా టీసీ మీద పెట్టినంత సంతోషంగా మా హెడ్మాస్టరు ఇంకే కాగితం మీదా సంతకం పెట్టి ఉండడు. కళ్లజోడంటారా, అది గిరాకీల ముఖాలు చూడ్డానికి. ఆ మధ్య ఒకాయన వచ్చి మంచి ఆరోగ్యశాస్త్రం పుస్తకం ఇమ్మంటే, అట్ట మీద ఆకుకూరల బొమ్మ ఉంది కదా అని వంటల పుస్తకం చేతిలో పెట్టి పంపాను. నెల తర్వాత వచ్చి ఒళ్లు తేలికపడిందని దండం పెట్టి పోయాడు.

ఇట్లాంటివాడు ఒక మనిషి గురించి కాగితం మీద పెడుతున్నాడంటే, ఆ మనిషి మామూలువాడు కాదని మీకు ఈపాటికి అర్థమై ఉండాలి.

మా వ్యాపారంలో చావు కబురు గోనెసంచిలో వస్తుంది. ఎవరైనా పెద్దాయన పోతే, దినాలు అయిపోయాక ఇంట్లోవాళ్లు అల్మారా ఖాళీ చేస్తారు. ఆ పుస్తకాలు తూకం మీద మా దగ్గరికి చేరతాయి. సంచి విప్పి చూసి, పోయినవాడు వకీలా, లెక్కల మాస్టరా, భక్తుడా అన్నది మేం చెప్పేస్తాం. మూడు వారాల కింద ఒక ఆటో అతను తెచ్చి పడేసిన సంచి విప్పాను. పైన పశువుల శరీరశాస్త్రం. దాని కింద గొర్రెల రోగాలు. దాని కింద ఇంటర్మీడియట్ జువాలజీ పుస్తకాలు, ఒకటే పుస్తకం ఏడెనిమిది ప్రతులు. ఒకదానిలోంచి చీటీ జారిపడింది. పై వరుసలో ‘డా. శీను, నాలుగో తరగతి: కోడి కుంటుతున్నది, ముల్లు ఉండొచ్చు’ అని ఉంది. కింది వరుసలో ‘ముల్లే’ అని ఒక్క మాట, పక్కన సంతకం.

ఆ సంతకం నాకు తెలుసు. సంచి మూతి మళ్లీ కట్టేశాను, కట్టేస్తే కబురు వెనక్కి పోతుందన్నట్టు.

ఆయన పశువుల డాక్టరు. సర్కారు నౌకరీ అయిపోయాక నాంపల్లిలో, రైల్వే గోడ వెనక సందులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున అబిడ్స్‌లో మా పుస్తకాల మధ్య ఒక గంట తిరిగి, అక్కణ్నించి నడుచుకుంటూ షెడ్డుకు పోయి, సాయంత్రం దాకా బస్తీలవాళ్ల కోళ్లనూ మేకలనూ కుక్కలనూ చూస్తూ కూర్చునేవాడు.

కూర్చునేవాడు అన్నానా? అది అబద్ధం. ఆ షెడ్డులో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

ఈ సంగతి నాకు తెలిసిన రోజు చెబుతాను. నా గోదాములో ఎలుకలు ఎక్కువైతే ఒక పిల్లిని పెట్టుకున్నాను. అది ఎలుకలను పట్టుకోవడం మానేసి పుస్తకాల మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఎట్లాంటి యజమానికి అట్లాంటి పిల్లి. దానికి చెవి వాచింది. అట్టపెట్టెలో పెట్టుకుని షెడ్డుకు పోయాను. కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చున్నాను.

“లే తమ్మీ. అది డాక్టర్ కుర్చీ” అన్నాడాయన, నేల మీద గొంతుక్కూర్చుని ఒక మేక నోరు తెరుస్తూ.

“మీరే గద సార్ డాక్టర్?”

“నేను రాసుకునెటోన్ని. కేసు తెచ్చిన పిల్లలు డాక్టర్లు.”

“పిల్లిని నేనే తెచ్చిన గద మరి.”

“నీకెన్నేండ్లు?”

“నలభై.”

“పదహారు దాటినోళ్లు నిలబడాలె. నువ్వు కొత్తగ ఏమన్న అయితవని ఆశ ఉన్నదా?”

లేచి నిలబడ్డాను.

అప్పుడే వచ్చింది రేణుక. పదకొండేళ్ల పిల్ల, చేతిలో తాడు, తాడు చివర తెల్లటి ఆడగుర్రం. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికిచ్చే ఇల్లు వాళ్లది. వెనక వాళ్ల నాయనమ్మ గుర్రం కన్నా ఎక్కువ రొప్పుతూ వచ్చింది. గుర్రం పేరు రాణి. పొద్దుట్నించి గడ్డి ముట్టలేదని నాయనమ్మ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అవ్వా, జర ఆగు.” కుర్చీ తుడిచి పిల్లకు చూపించాడు. “కూసో. ముందు నువ్వు చెప్పు, డాక్టర్ సాబ్. ఏమైంది?”

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అంటున్నాడేమోనని. ఎవరూ లేరు. నేనున్నాను గాని నన్నెవరూ డాక్టరనుకోరు.

“కడుపుల సప్పుడు లేదు” అంది మెల్లగా.

“ఎట్ల తెలుసు?”

“రోజు దీనికి ఆనుకోని పండుకుంట. చెవుల గురగుర ఇనిపిస్తది. పొద్దుగాల ఇనిపియ్యలే.”

ఆయన మెడలోని స్టెతస్కోపు తీసి ఆ పిల్ల చెవులకు పెట్టి, గుర్రం డొక్క మీద ఆనించాడు. అటు పక్క, ఇటు పక్క, కింద. పిల్ల కళ్లు మూసుకుని విన్నది. తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆయన విన్నాడు. చీటీ తీసి పై వరుసలో పిల్ల పేరు ముందు ‘డా.’ అని పెట్టి, ఆమె అన్న మాటను అన్నట్టే రాశాడు. కింది వరుసలో ‘నిజం’ అని రాసి సంతకం పెట్టాడు. మందు సంగతి ఆ తర్వాత. నా పిల్లి సంగతి ఆ తర్వాతి తర్వాత.

ఆయన పద్ధతే అది. పిల్లలు చెప్పింది తప్పైనా కొట్టేసేవాడు కాదు. ‘మళ్లీ చూడాలె’ అని రాసేవాడు. ఆ పిల్లలు నిజంగానే మళ్లీ చూసేవాళ్లు, ఇంకోసారి జీవాన్ని తీసుకొచ్చేవాళ్లు, ఒకోసారి ఏ రోగమూ లేనిదాన్ని కూడా ఈడ్చుకొచ్చేవాళ్లు, ఆ కుర్చీ కోసం.

చొక్కా జేబులో పెన్నూ థర్మామీటరూ పక్కపక్కన పెట్టుకునేవాడు. పశువులకు థర్మామీటరు ఎక్కడ పెడతారో తెలిసినవాళ్లెవరూ ఆయన్ని పెన్ను అడగలేదు. ఆలోచన పడితే మాత్రం ఆయన జేబులోంచి ఏదో ఒకటి తీసి కొన పంటికింద పెట్టుకునేవాడు. ఆ ఏదో ఒకటి ఏదన్నది తెలుసుకోవడం ఇష్టంలేక నేను గోడ వైపు తిరిగేవాణ్ని.

ఏడాదికోసారి బస్తీ పిల్లలను పదిమందిని బస్సెక్కించి పశువైద్య కాలేజీకి తీసుకుపోయేవాడు. నేనూ ఒకసారి పోయాను, తోడుగా కాదు, తమాషా చూడ్డానికి. లోపలున్న పెద్దవాళ్లకెవరికైనా పరిచయం చేస్తాడనుకున్నాను. ఆయన గేటు దగ్గరే ఆగి, పిల్లలను వరసగా నిలబెట్టి వాచ్‌మన్‌ను పిలిచాడు. “గీళ్ల ముఖాలు మంచిగ గుర్తు పెట్టుకో అన్నా. రేపు చదువుకోను వస్తరు. గప్పుడు ఎవరు మీరు, ఏం పనిమీద వచ్చిన్రు అని అడ్డం నిలబడకు.” వాచ్‌మన్ నవ్వలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. నాకు అప్పటిదాకా నోట్లో సిద్ధంగా ఉన్న జోకు లోపలికి పోయింది.

తిరుగు బస్సులో అడిగాను. “సార్, బస్తీల పిల్లలను పట్టుకోని డాక్టర్ సాబ్, డాక్టర్ సాబ్ అంటరు. మీకు తమాషానా, నిజంగ అంటరా?”

ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పాడు.

“మా నాయిన ఊర్ల చచ్చిన గొడ్డును ఎత్తుకపోయి తోలు తీసెటోడు తమ్మీ. చిన్నప్పటిసంది నేను ఆయన ఎంబడి పోతుంటి. కాలేజీల మొదటిసారి గొడ్డును కోసి సూపెడుతుంటె పోరగాండ్లందరు ముక్కులు మూసుకున్నరు. సారు పుల్లతోని ఒక్కొక్కటి ముట్టి గిదేంది, గిదేంది అని అడుగుతున్నడు. నేను టకటక చెప్పిన. ఇది కార్జం, ఇది పిత్తం తిత్తి, గడ్డి మొదలు దిగేది గీ అరలకు. ‘యాడ నేర్చినవ్‌రా’ అన్నడు. ‘ఇంట్ల సార్’ అన్న. క్లాసంత నవ్వింది.”

కిటికీ ఊచ మీద చెయ్యి వేశాడు.

“నవ్వినందుకు కాదు నా బాధ. నవ్వినోళ్ల దిక్కు మర్రి సూసిన. గొర్లు మేపినోని బిడ్డ లేదు. పందులు సాదినోని కొడుకు లేడు. గుర్రం తాడు పట్టినోళ్లు లేరు. జీవాల నడుమ పుట్టినోళ్లందరు గేటు బయటనే ఉన్నరు. లోపట నేనొక్కణ్ని.”

దిగేదాకా నేను నోరు మూసుకున్న బస్సు అదొక్కటే.

రేణుక చదువు మీద ఆయన కన్ను ఆ మొదటి చీటీ రోజే పడింది. పదోది అయింది, ఇంటర్లో సైన్సు గ్రూపులో చేరింది. నాయనమ్మ షెడ్డుకొచ్చి గొడవ పెట్టుకుంది. “ఆడివిల్ల పశువుల దవాఖానల ఏం చేస్తది సారూ?”

“గిప్పుడు మీ ఇంట్ల ఏం చేస్తున్నదో గదే చేస్తది అవ్వా. గాడ చేస్తె డాక్టరమ్మా అంటరు. నువ్వు పోరీ అంటున్నవ్.”

నాయనమ్మ ముక్కు చిట్లించింది గాని ఆపలేదు.

ఇక్కడ నా పాత్ర మొదలవుతుంది, దురదృష్టవశాత్తు. ఆయన పిల్లల కోసం నా దగ్గర పాత పాఠ్యపుస్తకాలు కొనేవాడు. అందరూ శుభ్రంగా ఉన్నది వెతుక్కుంటారు. ఆయన తెల్లగా మెరిసే పుస్తకాన్ని పక్కన పడేసేవాడు. “దీన్ని ఎవ్వడు చదవలే తమ్మీ. ముందటోడు కష్టపడ్డది ఇయ్యి. మా పిల్లలకు ఇంట్ల చెప్పెటోళ్లు లేరు. గా గీతలే ట్యూషన్.” పెన్సిలు గీతలున్న పుస్తకం దొరికితే మురిసిపోయేవాడు. పిల్లలకిచ్చేటప్పుడు, ముందటోళ్లు గీసిన గీతల వెంట పొండి అని చెప్పేవాడు.

రేణుక పశువైద్య కాలేజీలో సీటు కోసం ఎంట్రన్స్ రాయాల్సిన ఏడు నా దగ్గర జువాలజీ పుస్తకం ఒకటే ఉంది. ముట్టని పుస్తకం. ఆయన తీసుకోడు. వానపడి గిరాకీ లేని ఒక ఆదివారం, పెన్సిలు ముక్క తీసుకుని టార్పాలిన్ పట్టా కింద కూర్చున్నాను. ఐదారు వరుసలకొకటి చొప్పున గీతలు గీసుకుంటూ పోయాను. అక్కడక్కడ ‘ఇంపార్టెంట్’ అని రాశాను. ఆఖరికి ఒక పేజీ మీద చాయ్ గ్లాసు పెట్టి గుండ్రటి మరక కూడా అద్దాను. రాత్రంతా చదివినవాడు చాయ్ తాగకుండా ఎట్లుంటాడు?

ఆయన ఆ పుస్తకం తిరగేసి, మరక మీద వేలు పెట్టి, “పాపం, మస్తు కష్టపడ్డడు” అన్నాడు. నేను పక్క కొట్టువాడికి కన్ను గీటాను.

రేణుకకు సీటు రాలేదు.

కబురు వచ్చిన వారమే ఇంకొకటి. ఒక ఊరేగింపులో రాణి డెక్కలో మేకు దిగి చీము పట్టింది. కిరాయిలు ఆగిపోయాయి. నాయనమ్మ తేల్చి చెప్పేసింది. ఇంకొక్కసారి రాయనిస్తుంది. ఆ ఒక్కసారీ రాకపోతే చదువు ఖతం. పిల్ల గుర్రం తాడు పట్టుకుని ఊరేగింపుల ముందు నడవాల్సిందే.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చి నా పుస్తకాల ముందు గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి ఆ జువాలజీ తీశాడు.

“తమ్మీ, గీ పుస్తకం చదివినాయన ఎవరో జర చెప్తవా? కలవాలె.”

“పాత పుస్తకం సార్. ఎవరో ఏమో.”

“గొప్పోడు. ప్రింటింగ్ ప్రెస్ అడ్రసు కింద గూడ గీత గీసిండు. పేజీ నంబర్ పక్కన ఇంపార్టెంట్ అని రాసిండు.”

నేను పక్క కొట్టు వైపు చూశాను. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు.

“నేనే సార్.”

“చాయ్ మరక గూడ?”

“నాదే సార్.”

“మరక మంచిగున్నది. అసలు దానోలె ఉన్నది.” పుస్తకం మూశాడు. “గా పిల్లకు సీటు రాలే తమ్మీ.”

అంతే అన్నాడు. నీ వల్ల అనలేదు. అని ఉంటే ఏదో ఒకటి వాగి తప్పించుకునేవాణ్ని. అనలేదు కాబట్టి ఇన్నేళ్లూ తప్పించుకోలేకపోయాను.

“డెక్క మొత్తం కొత్తది పెరగాల్నంటె గుర్రానికి ఏడాది పడ్తది” అన్నాడు లేస్తూ. “గా పిల్లకు గూడ ఏడాదే ఉన్నది. ప్రతి ఆదివారం ఆమె డెక్క కడిగి కట్టు కట్టాలె. చేతులు ఖాళీ ఉండయి గాని చెవులు ఖాళీ ఉంటయి. నువ్వు గీతలు గీయనిది మొత్తం గట్టిగ చదివి వినిపియ్యి. కొట్టు రెండు గంటలు పక్కోనికి అప్పజెప్పు.”

పోయాను. షెడ్డుకు పోనని చెప్పే ముఖం లేదు. పదహారు దాటినవాణ్ని కనుక నిలబడే చదివాను, రాణి తలకాయ పక్కన, తాడు ఒక చేత్తో పట్టుకుని, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని. రేణుక గుర్రం కాలు మోకాళ్ల మధ్య ఇరికించుకుని డెక్క గోకుతూ వినేది. ఏడో తరగతివాడికి ఇంటర్ జువాలజీ అంటే ఏమిటో ఆ భగవంతుడికే తెలియాలి. ఒక్కో మాట గూడ్సుబండి అంత పొడుగు. నేను సగంలో పట్టాలు తప్పితే ఆ పిల్ల తల ఎత్తకుండా, “కశేరుకాలు కాకా, కసిరేకాలు కాదు” అని సరిచేసేది. బొద్దింక మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. దానికి ఇంత చరిత్ర ఉందని ముందే తెలిస్తే నా గోదాములో చెప్పు తీసుకుని వెంటపడేవాణ్ని కాదు, కనీసం నమస్కారం పెట్టి కొట్టేవాణ్ని.

మొదటి నెల తప్పు కడుక్కోవడానికి చదివాను. తర్వాత ఏమైందో తెలియదు. గుండె పాఠం వచ్చిన రోజు ఆయన మేక డొక్క మీద చెయ్యి పెట్టి వింటున్నాడు. రక్తం ఎట్లా పోయి ఎట్లా తిరిగి వస్తుందో చదువుతూ చదువుతూ నేను ఆగిపోయాను. నా లోపల కూడా ఇదే జరుగుతోందా అనిపించింది. ఇన్నేళ్లూ జరుగుతూనే ఉందా, నాకెవరూ చెప్పకుండా? తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. కోళ్లను తెచ్చే పిల్లల వైపు చూసే చూపు అది. “చదువు, ఆపకు” అన్నాడు.

మళ్లీ వానలు మొదలయ్యేసరికి రాణి నాలుగు కాళ్ల మీద నిలబడింది. రేణుకకు సీటు వచ్చింది. నాయనమ్మ బ్యాండువాళ్లను పిలిపించి, మనవరాలిని గుర్రం ఎక్కించి సందు చివరి దాకా తిప్పింది. పెళ్లికొడుకులు తప్ప ఎక్కని ఆ గుర్రం మీద ఆ పిల్ల సిగ్గుతో ముడుచుకుని కూర్చుంది. ఆయన మాత్రం గుర్రం నడక చూస్తూ, డెక్క ఎక్కడైనా తేడాగా పడుతోందా అని వంగి వంగి వెంట నడిచాడు.

ఆ ఆదివారం నా దగ్గరికొచ్చి ఎవరూ ముట్టని నోటుబుక్ కావాలన్నాడు. పక్కనున్న దుకాణంలోంచి తెప్పించాను గాని ఎగతాళి చేయకుండా ఉండలేకపోయాను. “ఏంది సార్, గీతలుండాలె అంటరు ఎప్పుడు?”

“ఆమె ఇంటికెల్లి, ఆమె బస్తీలకెల్లి గాడికి పోయినోళ్లు ఇంతవరకు లేరు తమ్మీ. గీతలు ఇగ ఆమెనే గియ్యాలె.”

నోటుబుక్ చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయాడు. పుస్తకాల మధ్య నిలబడి నేను చాలాసేపు అటే చూశాను. ఇన్ని వేల పుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి గాని అంత పెద్ద మనిషి ఒక్కడే పోయాడు.

సంచి వచ్చిన రోజే రేణుకకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమెకు కాలేజీలో మూడో సంవత్సరం. కబురు ఆమెకు అప్పటికే తెలుసు. పోయిన ఆదివారం వచ్చింది. ఫుట్‌పాత్ మీద బాసింపట్టు వేసుకుని సంచిలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా తీసి దుమ్ము తుడిచింది. షెడ్డు కిరాయి తనూ తన సీనియర్ డాక్టరమ్మా కలిసి కడతారట. ఆ పుస్తకాలన్నీ అక్కడికొచ్చే పిల్లలకట. ఆమె చేతులు చూస్తుంటే నా కడుపులో ఇన్నాళ్లూ ఉన్నది ఆగలేదు.

“రేణుకా, ఒకటి చెప్పాలె. నీ మొదటి జువాలజీల గీతలు గీసింది నేనే.”

“తెలుసు” అంది, దుమ్ము తుడుస్తూనే.

“తెలుసా? ఎప్పటిసంది?”

“పుస్తకం తెరిసిన రోజే. ప్రెస్ అడ్రసు పరీక్షల అడగరు కాకా.”

“మరి నా వల్ల నీకు ఏడాది పాయె గద!”

“నీ వల్లనా?” ఆ పిల్ల పుస్తకం పక్కన పెట్టి నా ముఖం చూసి నవ్వింది. “నాకు జువాలజీ మంచిగనే వచ్చింది. పోయింది ఫిజిక్స్‌ల.”

“ఏందే! మరి ఏడాదంత నాతోని గా బొద్దింకలు, వానపాములు ఎందుకు చదివిపిచ్చిన్రు?”

“డెక్క కడుగుతుంటె రాణి తంతది కాకా. చెవు పక్కన ఏదో ఒకటి సప్పుడైతుంటెనే నిలబడ్తది. ముందుగాల రేడియో పెట్టి సూసినం. గప్పుడు సార్ అన్నడు, ‘రేడియో నడుమ నడుమ ఆగుతది బిడ్డా. ఆగనిది అబిడ్స్‌ల ఒకటున్నది, నేను తీసుకొస్త’ అని.”